లక్షా ఇరవై వేలలో వంటిల్లు: ముందు ఆ గట్టు పగలగొట్టకండి

ప్రశ్న: మాది కాకినాడ. మామగారు 1994లో కట్టించిన ఇల్లు. వంటిల్లు 8 అడుగులు బై 10. ఎల్ ఆకారంలో కడప బండ గట్టు, కింద కూడా కడప బండల అరలే. తలుపుల్లేవు, అత్తగారు కుట్టిన కర్టెన్లే అడ్డం. గట్టు ఎత్తు 29 అంగుళాలు, నా ఎత్తు 5 అడుగుల 3 అంగుళాలు. గిన్నెలు తోమి, కూరలు తరిగేసరికి నడుం పట్టేస్తోంది. సింకు కింద ఎప్పుడూ తడి, దాంతో బొద్దింకలు. పోపు వేస్తే హాల్లో ఉన్నవాళ్లంతా దగ్గుతారు. గట్టు మీద తెల్ల మచ్చలు ఎంత తోమినా పోవు. మాడ్యులర్ కిచెన్ వాళ్లని పిలిస్తే మొత్తం తీసేసి కొత్తగా చేయడానికి 3,40,000 అన్నారు. మా దగ్గరున్నది 1,20,000. అప్పు చేయడం నాకిష్టం లేదు. మావారేమో చేస్తే పూర్తిగా చేద్దాం, లేకపోతే వదిలేద్దాం అంటున్నారు. తెలిసినాయన ఒకరు సింకు ఈశాన్యం మూలకి మార్చమన్నారు. ఇంకో మూలన నేలలో పాతిన రుబ్బురోలు ఉంది, దాన్నేం చేయాలో తెలియదు. సంక్రాంతికి పని అయిపోవాలి. ఏం చేయమంటారు?

జవాబు: ముందు మీవారి మాట సంగతి చూద్దాం, అది తేలకపోతే నేనెన్ని చెప్పినా లాభం లేదు. "చేస్తే పూర్తిగా, లేకపోతే వద్దు" అనుకునే చాలా ఇళ్లలో వంటిళ్లు ఏళ్లకేళ్లు అలాగే ఉండిపోతున్నాయి. మీరు రాసిన బాధలేమిటి? నడుం నొప్పి, సింకు కింద తడి, బొద్దింకలు, పోపు ఘాటు. మెరిసే తలుపులు లేకపోవడం వల్ల వచ్చింది వీటిలో ఒక్కటీ లేదు. మూడు లక్షల నలభై వేలు పోసి కొత్త తలుపులు పెట్టించినా, లోపలి పైపు పాతదే అయితే తడి అలాగే ఉంటుంది, కాకపోతే ఈసారి ఖరీదైన చెక్క వెనక ఉంటుంది. మీ డబ్బు ముందు నీళ్లకి, కరెంటుకి, గట్టు ఎత్తుకి, పొగకి వెళ్లాలి. అందం ఆ తర్వాత. మీ లెక్కలో అందానికీ కొంచెం మిగులుతుంది, కింద చెప్తాను.

ఆ మాడ్యులర్ కొటేషన్ మళ్లీ ఒకసారి తీసి చూడండి. లోపలి పెట్టెలు దేంతో చేస్తారో రాశారా? "ఇంజినీర్డ్ వుడ్" అని ఉంటే అది చాలావరకు పార్టికల్ బోర్డు గానీ ఎండీఎఫ్ గానీ, అంటే చెక్క పొట్టుని జిగురుతో నొక్కి చేసిన పలక అయ్యుంటుంది. పడగ్గదిలో బీరువాకి దానితో ఇబ్బంది లేదు. సింకు కింద, అదీ కాకినాడ లాంటి సముద్రపు గాలి ఊళ్లో, అంచు పట్టీ ఎక్కడ కాస్త లేచినా అక్కణ్నుంచి తేమ పీల్చుకుని నానబెట్టిన అటుకుల్లా ఉబ్బుతుంది, ఇక స్క్రూ పట్టు నిలవదు. తడి తగిలే చోట ప్లైవుడ్ వాడాలంటే ఐఎస్ 710 ముద్ర ఉన్న మెరైన్ ప్లై కావాలి, దాని ఖరీదు వేరు. మీ కింద ఉన్న కడప బండ అరలకి చెద పట్టదు, నానదు, ఉబ్బదు. ముప్పయ్యేళ్లు నిలబడ్డ వాటిని పగలగొట్టడానికి కూలి, ఆ రాళ్లూ మట్టీ ట్రాక్టర్లో తోలించడానికి ఇంకో ఖర్చు, తర్వాత వాటి స్థానంలో అంతకన్నా బలహీనమైనవి పెట్టడానికి లక్షలు. ఇందులో నాకైతే తెలివి కనపడటం లేదు. వాళ్ల కొటేషన్‌లో పగలగొట్టడం మొదటి పని, ఎందుకంటే వాళ్ల పెట్టెలు ఒక కొలతలో తయారై వస్తాయి, మీ గట్టు ఆ కొలతకి రాదు. అంతే కారణం.

ఇక నడుం నొప్పి. ఇక్కడ చాలామంది చేసే పనేమిటంటే గట్టు మొత్తం ఒకే ఎత్తుకి, 34 అంగుళాలకో 36కో లేపేస్తారు. అప్పుడు నడుం బాగుంటుంది, భుజాలు పట్టేస్తాయి. ఎందుకో చెప్తాను. నిటారుగా నిలబడి చెయ్యి మడిచి మోచేయి దగ్గర నేల నుంచి కొలవండి, మీ ఎత్తుకి 39 అంగుళాల చుట్టుపక్కల వస్తుంది. కూరలు తరిగే చోటు దానికి నాలుగైదు అంగుళాలు కిందకి ఉంటే సుఖం, అంటే 34. కానీ పొయ్యి దగ్గర మీరు గట్టు మీద పని చేయట్లేదు, గట్టు మీద నాలుగైదు అంగుళాల స్టవ్వు, దాని మీద గిన్నె, ఆ గిన్నె అంచు మీదుగా గరిటె. అక్కడ గట్టు 34 ఉంటే పెద్ద గిన్నెలో పులుసు కలపడానికి భుజం ఎత్తాల్సి వస్తుంది. సింకు దగ్గర దీనికి సరిగ్గా ఉల్టా, గిన్నెలు ఉండేది గట్టు మీద కాదు, దానికి ఎనిమిది అంగుళాల కింద సింకు అడుగున. మీరు నొప్పి ఎప్పుడొస్తుందని రాశారు? తోమేటప్పుడూ, తరిగేటప్పుడూ. వండేటప్పుడు అని రాయలేదు.

కాబట్టి ఎల్‌లో సింకూ తరిగే చోటూ ఉన్న వైపు ఒక్కటే లేపించండి. పొయ్యి వైపు ఉన్న ఎత్తులోనే ఉండనివ్వండి, పైన గ్రానైట్ పడ్డాక అది 30 అవుతుంది, స్టవ్వుతో కలిపి 34, 35, సరిగ్గా మీకు కావలసిందే. చపాతీ పిండి కలపడానికీ, గ్రైండర్‌లోంచి పిండి తీయడానికీ కూడా ఆ కింది ఎత్తే హాయి. అత్తగారు మీకన్నా పొట్టి అయితే ఆవిడకీ ఒక చోటు మిగులుతుంది. రెండు వైపులూ కలిసే చోట నాలుగంగుళాల మెట్టులా వస్తుంది, చూడ్డానికి మొదట వింతగా ఉంటుంది, వారంలో అలవాటైపోతుంది.

లేపడానికి మామూలు ఇటుక వాడితే పాత బండ మీద బరువు పెరుగుతుంది. మూడంగుళాల మందం లైట్ వెయిట్ బ్రిక్ దొరుకుతుంది, బూడిద రంగులో, రంపంతో కోయొచ్చు. పాత బండ మీద అది పరిచి, మాలు, దానిపైన ముప్పావు అంగుళం గ్రానైట్. మొత్తం కలిపి 33న్నర వరకు వస్తుంది, చాలు. పని మొదలెట్టే ముందు టార్చి పట్టుకుని కింద అరల్లో కూర్చుని బండ అడుగు భాగం చూడమనండి మేస్త్రీని. ఎక్కడైనా వెంట్రుకంత చీలిక కనపడినా ఆ ముక్క వరకు మార్చాల్సిందే. ఇంకొకటి, ఆ గోడకి కిటికీ ఉంటే దాని అడుగు అంచు ఎంత ఎత్తులో ఉందో కొలిపించండి. గట్టు లేచాక లోపలికి తెరిచే కిటికీ రెక్క కొత్త కుళాయికి కొట్టుకోవడం నేను చూశాను, ఆ కుళాయి తీసి గోడ కుళాయి పెట్టుకున్నారు పాపం.

తెల్ల మచ్చలు తోమితే పోవు, ఎందుకంటే అవి మురికి కాదు. కడప బండ సున్నపురాయి జాతి. నిమ్మకాయ పిండినా, చింతపండు రసం ఒలికినా ఆ పులుపు రాయి పైపొరని తినేస్తుంది, నునుపు పోయి తెల్లగా కనపడుతుంది. గ్రానైట్‌కి ఆ బాధ లేదు. అలాగని చీమకుర్తి బ్లాక్ గెలాక్సీ కోసం పోకండి, అందులో మెరిసే చుక్కలకే సగం డబ్బు. స్టీల్ గ్రే లాంటివి చదరపు అడుగు 150, 200 లోపు దొరుకుతాయి. మీ గట్టు ఎలాగూ రెండు ఎత్తుల్లో రెండు ముక్కలు కాబట్టి పెద్ద స్లాబ్ కూడా అక్కర్లేదు, గ్రానైట్ యార్డులో మిగిలిపోయిన ముక్కలు అడగండి. 7 అడుగులు ఒకటి, 6 అడుగులు ఒకటి, వెడల్పు 2 అడుగులు. రంగు కాస్త తేడా ఉన్నా మెట్టు ఉంది కనుక ఎవరికీ కనపడదు. నాలుగు యార్డులు తిరిగితే సగం ధరకి వచ్చే వస్తువిది. ముందు అంచు కింద చిన్న గాడి కొట్టించడం మర్చిపోకండి, గట్టు మీద ఒలికిన నీళ్లు అక్కడ ఆగి చుక్కలుగా రాలిపోతాయి, లేకపోతే రాయి కిందినుంచి పాకి అరలోకి వస్తాయి.

ఇప్పుడు సింకు కింద తడి. 1994 ఇల్లంటే గోడలో జీఐ పైపులే (జింకు పూత ఉన్న ఇనుప గొట్టాలు) ఉండొచ్చు, లోపల తుప్పు కట్టి రంధ్రం సన్నబడిపోయి ఉంటుంది. పొద్దున్నే మొదటి చెంబు నీళ్లు ఎర్రగా వస్తున్నాయేమో చూడండి, వస్తుంటే అనుమానం అక్కర్లేదు. వంటింటి వరకు సీపీవీసీకి, అంటే తుప్పు పట్టని ప్లాస్టిక్ పైపుకి, మార్పించేయండి. గోడ ఒకసారి మూసి టైల్స్ వేశాక మళ్లీ తెరవడం మీ బడ్జెట్‌లో కుదరదు. పైపు వేశాక గోడ మూసే ముందు ఒక రాత్రంతా నీళ్లు నింపి కుళాయిలన్నీ కట్టేసి ఉంచమనండి. ప్లంబర్ "నాది గ్యారంటీ అమ్మా" అంటాడు, అయినా ఉంచమనండి. సింకు కింద ముడతల గొట్టం తీసేసి బాటిల్ ట్రాప్ పెట్టిస్తే అందులో నీళ్లు నిలిచి డ్రైనేజీ వాసనా బొద్దింకలూ పైకి రావు. గొట్టం గోడలోకి దూరే చోట చుట్టూ ఉన్న ఖాళీని సిమెంటుతో మూయించండి, మీ బొద్దింకల్లో చాలావరకు ఆ సందులోంచే వస్తూ ఉండొచ్చు.

సింకు ఈశాన్యానికి మార్చే విషయం. మీ నమ్మకం గురించి నేనేం అనను, కానీ ఖర్చు చెప్పాలి కదా. వాడిన నీళ్ల గొట్టానికి అడుక్కి పావు అంగుళం వాలు కావాలి. ఆరడుగులు జరిపితే ఆ గొట్టం మీ బండ అరల అడ్డగోడలన్నిటికీ బెజ్జాలు పెట్టుకుంటూ వాలుగా పోవాలి, ఆ అరల్లో సగం చోటు దానికే పోతుంది. మూల్లోకి పెడితే తోమడానికి సరిగ్గా నిలబడలేరు కూడా. సలహా ఇచ్చినాయన గిన్నెలు తోమరనుకుంటాను. ఈశాన్యంలో నీళ్లు ఉండాలనే అయితే మంచినీళ్ల బిందెకో ఫిల్టర్‌కో ఆ మూల చోటివ్వండి, అందరూ సంతోషిస్తారు.

కరెంటు గురించి మీరు రాయలేదు, అందుకే నాకు టెన్షన్. ఆ కాలంలో వంటింట్లో మిక్సీకి ఒక ప్లగ్గు, ఒక బల్బు, అంతే. ఇండక్షన్ స్టవ్వు 2000 వాట్లంటే దాదాపు 9 ఆంపియర్లు లాగుతుంది, 6 ఆంప్స్ ప్లగ్గులో పెడితే ప్లగ్గు కరుగుతుంది. మెయిన్ దగ్గర్నుంచి వంటింటికి వేరే లైను, ఫ్రిజ్‌కి ఒకటీ గట్టు మీద రెండూ 16 ఆంప్స్ ప్లగ్గులు, వాటికి సన్న వైరు కాకుండా 4 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు, మెయిన్‌లో 30 మిల్లీ ఆంప్స్ ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే లైను ఆపేసే స్విచ్చి). తడి చేత్తో స్విచ్చి ముట్టుకునే గది ఇదే, ఇక్కడ మిగుల్చుకోకండి. గట్టు లేచిన వైపు బోర్డులు కూడా పైకి జరపాలి, ఆ సంగతి ఎలక్ట్రీషియన్‌కి ముందే చెప్పండి. పనిలో పనిగా, మీ ట్యూబ్ లైట్ బహుశా గది మధ్యలో మీ వెనక ఉంటుంది, మీరు తరిగేటప్పుడు మీ నీడే కత్తిపీట మీద పడుతుంది. గట్టు పైన ఉన్న అరకి కింది వైపు రెండడుగుల ఎల్ఈడీ పట్టీ ఒకటి పెట్టిస్తే నాలుగైదు వందల్లో వంటింటి ముఖమే మారిపోతుంది.

పోపు ఘాటుకి చిమ్నీ తప్పనిసరి కాదు. మీ గదికి 9 అంగుళాల ఎగ్జాస్ట్ ఫ్యాన్ సరిపోతుంది, పొయ్యికి దగ్గరగా, వీలైనంత ఎత్తులో. ఉన్న ఫ్యాన్ పనిచేయట్లేదని చాలామంది అంటారు, వెళ్లి చూస్తే ఫ్యాన్ పక్కనే కిటికీ బార్లా తీసి ఉంటుంది. ఫ్యాన్ ఆ కిటికీ గాలినే లోపలికి లాగి బయటికి తోస్తుంది, పొయ్యి మీద పొగ మాత్రం హాల్లోకి పోతుంది. దగ్గరి కిటికీ మూసి, ఎదురుగా ఉన్న కిటికీయో తలుపో తీయండి. తర్వాత డబ్బు మిగిలి చిమ్నీ పెట్టుకున్నా, గొట్టం బయటికి పోయేదే తీసుకోండి. బొగ్గు ఫిల్టర్‌తో గాలిని మళ్లీ గదిలోకే వదిలే రకం మన ఎండుమిర్చి పోపు ముందు నిలవదు.

తలుపులకి అల్యూమినియం ఫ్రేములో పీవీసీ గానీ ఏసీపీ షీటు (రెండు పల్చటి అల్యూమినియం రేకుల మధ్య ప్లాస్టిక్ ఉండే పలక) గానీ వేయించండి. మీ బండ అరల మీదే నేరుగా బిగిస్తారు. ముందు భాగం 30 చదరపు అడుగుల దాకా ఉంటుంది, చదరపు అడుగు 350 నుంచి 450 లోపు చేసేవాళ్లున్నారు. కబ్జాలు, హ్యాండిళ్ల దగ్గర మాత్రం పొదుపు చేయకండి, మీ ఊళ్లో మొదట తుప్పు పట్టేవి అవే. 304 స్టీలు అని బిల్లు మీద రాయించుకోండి. షాపులో అయస్కాంతం పెట్టి "చూడండి, అంటుకోలేదు" అని చూపిస్తారు, చౌక రకమైన 202 కూడా అంటుకోదు, ఆ పరీక్షకి విలువ లేదు. అన్నిటికీ బుట్టలు, ట్రాలీలు వద్దు. ఒకటి పళ్లాలకి, ఒకటి పోపు సామాను సీసాలకి, రెండు చాలు. బియ్యం డబ్బా, ఆవకాయ జాడీలు బండ అర మీద ఉండటమే మంచిది, ఆ బరువు ఏ చానెలూ ఎక్కువ కాలం మోయదు. సిలిండర్ ఉన్న అర తలుపుకి కింద అంచున గాలి సందులు ఉంచమనండి. గ్యాస్ గాలి కన్నా బరువు, లీకైతే నేల మీదే పరుచుకుంటుంది, పైన బెజ్జాలు పెట్టి ప్రయోజనం లేదు. రబ్బరు ట్యూబు అయిదేళ్లు దాటితే అదీ మార్చేయండి.

పాత టైల్స్‌ని వేలి కణుపుతో కొట్టి వినండి. గట్టిగా పలికితే వాటి మీదే కొత్తవి వేయొచ్చు, టైల్ అడ్హెసివ్‌తో వేయాలి, నున్నటి టైలు మీద ఒట్టి సిమెంటు పట్టదు. డొల్లగా పలికినవి మాత్రం తీసేయాలి. పొయ్యి వెనక టైల్స్ సందులకి ఎపాక్సీ గ్రౌట్ (నీళ్లు పీల్చని సందు పూత) వేయిస్తే పసుపు మరకలు పట్టవు. నేల మొజాయిక్ అయితే ముట్టుకోకండి, మెషీన్ పాలిష్ కొట్టిస్తే కొత్తగా తేలుతుంది.

లెక్క ఇలా వేశాను, మీ దగ్గరి రేట్లని బట్టి అటూ ఇటూ అవుతుంది. ప్లంబింగ్, సింకు, కుళాయి కలిపి 17,000. కరెంటు 12,000. గ్రానైట్ రాయి, కోత, పరచడం 12,000. మేస్త్రీ పని, ఇటుక, చెత్త తోలకం 11,000. టైల్స్ 7,000. తలుపులు 13,000, రెండు ట్రాలీలు 8,000. ఫ్యాన్ 3,000. రంగులు, పాలిష్ 9,000. మొత్తం 92,000. ఇంకో 15,000 పక్కన పెట్టి ఆ సంగతి మేస్త్రీకి తెలియనివ్వకండి, పాత ఇంట్లో గోడ తెరిస్తే ఏదో ఒకటి బయటపడుతుంది. ఇంకా 13,000 ఉంటుంది. మీవారికి ఆ మాడ్యులర్ మోజు తీరాలంటే దానితో పైన ఒక అద్దాల కప్‌బోర్డు చేయించండి, పైన తడి తగలదు కాబట్టి అక్కడ మామూలు ప్లై అయినా నష్టం లేదు.

సంక్రాంతికి ముందు మీ జిల్లాలో మేస్త్రీలు దొరకడం కష్టం, దొరికినా సగం పనిలో ఊరెళ్లిపోతారు. డిసెంబరు మొదటి వారానికల్లా రాతి పని అయిపోయేలా చూసుకోండి, అక్టోబరు, నవంబరుల్లో తుపాను వస్తే పోయే రోజులు కూడా లెక్కేసుకుని మొదలుపెట్టండి. ప్లంబరూ ఎలక్ట్రీషియనూ ముందు, తర్వాత గట్టు, టైల్స్, నేల పాలిష్, ఆ పైన రంగు, ఆఖర్న తలుపులు. తలుపులు ముందే బిగిస్తే పాలిష్ బురద అంతా వాటి మీదే. డబ్బులు వారం వారం పని చూసి ఇవ్వండి, సింకు కింద కాగితం పరిచి రెండు రోజులు తడవలేదని చూసుకున్నాకే ప్లంబర్‌కి చివరి మొత్తం. ఆ రోజుల్లో వంట వరండాలోకి మార్చుకోండి, అన్నం ఒకటి వండుకుని కూరలు కర్రీ పాయింట్ నుంచి తెచ్చుకున్నా ఎవరూ ఏమనుకోరు, ఆ ఖర్చు కూడా లెక్కలో వేసుకోండి.

రుబ్బురోలు సంగతి అత్తగారిని అడగండి, నన్ను కాదు. తీయడం ఇద్దరు కూలీల పూట పని, నేల పాలిష్‌కి ముందే తీయించి ఆ గుంటని మొజాయిక్ ముక్కలతో మూయించాలి, తర్వాత తీస్తే అతుకు అసహ్యంగా ఉంటుంది. ఆవిడ ఒప్పుకుంటే పెరట్లో కుళాయి పక్కన గచ్చు మీద పెట్టించండి, గోంగూర పచ్చడి రోజున పనికొస్తుంది. ఒప్పుకోకపోతే దాని మీద ఒక గ్రానైట్ మిగులు ముక్క మూతలా పెట్టించి గ్రైండర్‌కి స్టాండుగా వాడుకోండి.